దేవకన్యకు రెండు గంటల అనుమతి ఇవ్వండి

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మెయింటెనెన్స్ బకాయిలు, పార్కింగ్ తగాదాలు, ఎండిపోయిన బోరు, కారుతున్న పైపు. మీకు వచ్చే ఉత్తరాలన్నీ వీటి గురించే ఉంటాయని తెలుసు. ఇది అలాంటిది కాదు. మా పాపకి ఏడేళ్లు నిండబోతున్నాయి. ఆ రోజు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా పిల్లలు మెట్ల మీద, టెర్రస్ మీద, కింద పూలమొక్కల మధ్య నిధి వెతుక్కోవడానికి అనుమతి కావాలి. మా సంఘంలో అడిగాను. "కామన్ ఏరియాలో ఫంక్షన్లు కుదరవమ్మా, క్లబ్‌హౌస్ బుక్ చేసుకోండి" అన్నారు. మర్యాదగానే అన్నారు. వేరే చోట్ల ఉంటున్న స్నేహితులను కదిలిస్తే వాళ్ల గేట్ల లోపలా ఇదే మాట వినిపిస్తోందట. అందుకే ఒక్కరితో వాదించేకంటే మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

క్లబ్‌హౌస్‌లో పార్టీలు ఎలా జరుగుతాయో మీరూ చూస్తూనే ఉంటారు. గోడ నిండా బెలూన్ల ఆర్చ్, మధ్యలో పాప పేరుతో థర్మకోల్ అక్షరాలు, మైకు పట్టుకున్న యాంకర్. పిల్లలు వచ్చి కుర్చీల్లో కూర్చుంటారు. చప్పట్లు కొట్టమంటే కొడతారు, ఫొటో దిగుతారు, కేక్ తింటారు, రిటర్న్ గిఫ్ట్ సంచి పట్టుకుని వెళ్లిపోతారు. పుట్టినరోజు పిల్లది, పండగ ఫొటోగ్రాఫర్‌ది. అన్నట్టు అలంకరణకు వాడే థర్మకోల్, బెలూన్లకు తగిలించే ప్లాస్టిక్ పుల్లలు, మిఠాయి డబ్బాలకు చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర, ఇవన్నీ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. క్లబ్‌హౌస్‌లో ఆ సంగతి ఎవరైనా ఎత్తగా నేను వినలేదు. టెర్రస్ మీద నాలుగు కాగితం చీటీలు దాచుకుంటామంటే మాత్రం రూలు గుర్తొస్తుంది.

మేం అనుకున్న ఆట ఇదీ. ఇంద్రలోకం నుంచి ఒక దేవకన్య వెన్నెల రాత్రి మన టెర్రస్ మీద, వాటర్ ట్యాంకు పక్కన దిగింది. బట్టలారేసే తీగ తగిలి రెక్క చిరిగింది. ఆ ముక్కలు ఎక్కడెక్కడో పడిపోయాయి. పిల్లలు వాటిని ఏరి అతికిస్తే ఆమె ఎగిరి ఇల్లు చేరుతుంది. వెళ్తూ వెళ్తూ తన నగల పెట్టె వాళ్లకి వదిలిపోతుంది.

ఇదేదో పరాయి సరుకు అనుకోకండి. 'జగదేక వీరుడు అతిలోక సుందరి' సినిమా 1990లో వచ్చింది. అందులో ఇంద్రుడి కూతురు (శ్రీదేవి) ఉంగరం పోగొట్టుకుంటుంది, అది దొరికేదాకా ఆమెకి పైకి దారి లేదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు దాన్ని వెతుక్కుంటూ పోతాడు. ఒక ఆచూకీ పట్టుకుని ఇంకో ఆచూకీకి చేరడం మన కథలకి వెన్నతో పెట్టిన విద్య. సీతాకోకచిలుక రెక్కలున్న చిట్టి ఫెయిరీ మాత్రం పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిందే. 1904లో లండన్‌లో ఆడిన 'పీటర్ పాన్' నాటకంలో టింకర్ బెల్ అంటే రంగస్థలం మీద అటూ ఇటూ ఎగిరే ఒక వెలుగు చుక్క. 1953లో డిస్నీ సినిమా తీసినప్పుడు ఆ చుక్కకి ఇప్పుడు మనకి తెలిసిన మొహం, గౌను, రెక్కలు వచ్చాయి. మా పాపకి టింకర్ బెల్ రెక్కలూ కావాలి, శ్రీదేవి ఉంగరమూ కావాలి. రెండూ ఒప్పుకున్నాం.

ఇలాంటి ఆటని తయారు చేసేవాళ్లు చివరి నుంచి మొదటికి నడవాలి. ముందు పెట్టె ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలి. అక్కడికి పంపే చీటీ దాని ముందు చోట, ఆ చోటికి పంపే చీటీ దానికి ముందు చోట. చీటీల వెనక నంబర్లు వెయ్యకపోతే దాచేటప్పుడే తారుమారవుతాయి. ఏడేళ్ల పిల్లలకి ఏడు చోట్లు చాలు. ముప్పావుగంట దాటితే ఆట కాస్తా హోంవర్క్ అయిపోతుంది. పన్నెండు మంది వస్తే మూడు జట్లు, జట్టుకో రంగు రిబ్బన్. అందరూ ఒక్కసారే ఒక్కచోటికి ఎగబడకుండా జట్టు జట్టుకీ వరస మారుస్తాం, ఆఖరి చోటు మాత్రం అందరికీ ఒకటే. చీటీ తర్వాత చీటీ వంతులవారీగా చదవాలి, లేకపోతే గొంతున్నవాడే అన్నీ చదివేస్తాడు. మూడు జట్ల ముక్కలూ కలిస్తేనే రెక్క పూర్తవుతుంది. అంచేత ముందొచ్చిన జట్టు వెనకొచ్చేవాళ్ల కోసం ఆగక తప్పదు. గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు ఉండరు. ఏడుపులూ ఉండవని మాటివ్వలేను గానీ తగ్గుతాయి.

మొదటి ఉత్తరం దేవకన్యే రాస్తుంది. చూస్తే ఉత్త తెల్ల కాగితం. ఒక చెంచా వంటసోడాని రెండు చెంచాల నీళ్లలో కలిపి, పుల్లకి దూది చుట్టి, దళసరి కాగితం మీద రాసి ఆరబెట్టాం. ఆరాక అక్షరం కనిపించదు. పిల్లలకి పసుపు నీళ్ల గిన్నె, కుంచె ఇస్తాం. కుంచె పడ్డ మేరా కాగితం పచ్చబడుతుంది, మేం రాసిన గీతలు మాత్రం ఎర్రగా పైకి తేలతాయి. పసుపులో ఉండే కుర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. పుట్టినరోజు హారతికి అమ్మమ్మలు పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేసి ఎర్రనీళ్లు చేసేది కూడా ఈ లెక్కనే. సున్నం కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి పిల్లల చేతికి వంటసోడాయే. పసుపు మరక పడితే వదలదని మీరనేలోపే చెబుతున్నాను: ఈ తతంగమంతా మా ఇంట్లో, పాత పేపర్లు పరిచి. కారిడార్ గ్రానైట్ మీద చుక్క పడదు.

మిగతా చీటీలు పొడుపు కథలు. మేమే కట్టుకున్నాం. తులసికోటకి: "రోజూ నీళ్లు తాగుతుంది, దాహం తీరదు. పొద్దుగూకితే దీపం పెడతారు, చదువుకోదు." ఉయ్యాలకి: "ముందుకెళ్తుంది, వెనక్కొస్తుంది, ఎంత నడిచినా ఊరు చేరదు." మెట్లకి: "లిఫ్ట్ చెడిపోయిన రోజే నేను అందరికీ గుర్తొస్తాను." మీ నోటీసు బోర్డుకి కూడా ఒకటి ఉంది, ఏమీ అనుకోకండి: "నోరు లేదు గానీ నెలనెలా అందరి మీదా అరుస్తుంది." అన్నీ తెలుగులోనే. బళ్లో ఒత్తులూ దీర్ఘాలూ మింగేసే పిల్లలు నగల పెట్టె కోసమైతే ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతారు. తెలుగు రాని పక్కింటి పిల్లల కోసం చీటీ మూల చిన్న బొమ్మ వేస్తాం.

పటం కూడా ఉంటుంది. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో వానకి ఇంట్లో చిక్కుకుపోయి, సవతి కొడుకు లాయిడ్‌తో కలిసి రంగులు వేస్తూ కూర్చున్న రచయిత స్టీవెన్‌సన్ ఒక దీవి పటం గీశాడు. ఆ పటంలోంచే 'ట్రెజర్ ఐలాండ్' పుట్టి, 1883లో పుస్తకంగా వచ్చింది. మాకు దీవి అక్కర్లేదు, అపార్ట్‌మెంటే బోలెడంత. జెనరేటర్ గది రాక్షసుడి గుహ. ట్రాన్స్‌ఫార్మర్ కంచె దాటితే శాపం. సంపు అగాధం, సెల్లార్ ర్యాంప్ కొండచిలువ నోరు, లిఫ్ట్ మాయల పెట్టె. పిల్లలు వెళ్లకూడని చోట్లన్నీ పటంలో ఎర్రరంగులో రాక్షసుల రాజ్యం. "అటు వెళ్లొద్దు" అని పదిసార్లు చెప్పినా చెవికెక్కనిది ఒక్క ఎర్ర గీతతో ఎక్కుతుంది.

దేవకన్య ఉంటే మీకేం లాభమో చెప్పాలి. మన తోటల్లో బోర్డులుంటాయి: పూలు కోయరాదు, గడ్డిపై నడవరాదు, బంతి ఆడరాదు. చూసి చూసి పిల్లలు వాటిని చూడటమే మానేశారు. దేవకన్య ఉత్తరంలోనూ షరతులున్నాయి. పువ్వు తెంపితే అందులో నిద్రపోతున్న ఆమె చెల్లెలు కింద పడుతుంది. పరిగెడితే గడ్డిలో చీమల ఊళ్లు కూలిపోతాయి. అరిస్తే తర్వాతి చీటీ దారి తప్పుతుంది. బోర్డు మీదున్నదీ ఇదే మాట, కానీ ఏడేళ్ల పిల్ల ఎవరి మాట వింటుందో మీకే తెలుసు. ఇలాంటి ఊహ వేరే చోట్లా ఉంది: అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో 2005 నుంచి దుకాణాల గోడల అడుగున బుల్లి ఫెయిరీ తలుపులు వెలుస్తున్నాయి. పిల్లలు వంగి వంగి వాటి కోసం వెతుకుతారు. మేమూ ఐస్‌క్రీం చెక్కపుల్లలతో ఒక తలుపు చేసి వేపచెట్టు మొదట్లో ఆనిస్తాం. మేకు కొట్టం, జిగురు పూయం, చీకటి పడేలోపు తీసేస్తాం.

ఇక మీ భయాలు. వాటిని తేలిగ్గా తీసుకోవడం లేదు. పిల్లల ఆటలో ఏదైనా జరిగితే అందరూ ముందు వేలెత్తేది మీ మీదే. మేం రాసుకున్న జాగ్రత్తలు చూడండి.

పొదల్లో, గోడ కన్నాల్లో, ఇటుకల కింద ఏదీ దాచం. చేతులు పెట్టి దేవులాడేచోట పామో తేలో ఉండొచ్చు. ప్రతి చీటీ కంటికి కనిపించేలా, పిల్లల భుజం ఎత్తులో ఉంటుంది. గన్నేరు చెట్ల దగ్గర ఏమీ పెట్టం. తక్కువ నీళ్లతో బతుకుతుందని కాంపౌండ్ గోడల వెంట గన్నేరు వరసలు వేస్తున్నారు గానీ, దాని ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే, పచ్చగన్నేరు కూడా అంతే. పిల్లలు ఆడే చోటి నుంచి వాటిని తీయించడం మా పార్టీ కంటే పెద్ద పని, అది మీరే చెయ్యాలి. మిణుకు మిణుకుమనే బుల్లి దీపాల్లో బొత్తాం బ్యాటరీలుంటాయి. అలాంటిది మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకని స్క్రూ మూత ఉన్న దీపాలే తెస్తాం, అవీ పెద్దవాళ్లకి అందే ఎత్తులో కడతాం. గ్యాస్ బుడగలు లేవు. మన వీధుల్లో అమ్మేవాటిలో హైడ్రోజన్ నింపుతుంటారు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. దేవకన్య అనగానే చల్లే మెరుపుపొడి కూడా వద్దనుకున్నాం. అది ప్లాస్టిక్ తునకలే. విడి ప్లాస్టిక్ మెరుపుపొడి అమ్మకాన్ని 2023 అక్టోబర్‌లో యూరోపియన్ యూనియన్ ఆపేసింది. దాని బదులు బంతిపూల రేకలు, బియ్యప్పిండి. ఆ మర్నాటికి సగం చీమలు తీసుకెళ్తాయి, మిగతాది మేం ఊడుస్తాం. మైకు లేదు, డీజే లేదు. ప్రతి చోటా ఒక పెద్దమనిషి కాపలా. పెట్టెలో ఉండేవి పూసల దండలు, పల్లీ ఉండలు, కథల పుస్తకాలు. పల్లీలు పడని పిల్లలున్నారేమో ముందే కనుక్కుని వాళ్లకి నువ్వుండలు పెడతాం.

మా సంఘం సమావేశంలో ఒక పెద్దాయన ఇంకో మాట అడిగారు: లేని దేవకన్యని ఉన్నట్టు నమ్మించడం పిల్లలకి మూఢనమ్మకం నేర్పడం కాదా? మంచి ప్రశ్న. 1917లో ఇంగ్లండులోని కాటింగ్లీ అనే ఊళ్లో పదహారేళ్ల ఎల్సీ, తొమ్మిదేళ్ల ఫ్రాన్సిస్ అనే అక్కచెల్లెళ్ల వరస పిల్లలు వాగు ఒడ్డున ఫెయిరీలతో దిగినట్టు ఫొటోలు తీశారు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కోనన్ డాయిల్ వాటిని నిజమని నమ్మి, 1920లో స్ట్రాండ్ పత్రికలో వ్యాసమే రాశాడు. అవి అట్ట మీద గీసి కత్తిరించిన బొమ్మలని ఆ ఇద్దరూ 1983లో, ముసలితనంలో చెప్పారు. బోల్తా పడింది ఎవరు? ఏది ఆటో పిల్లలకి మొదటి నుంచీ తెలుసు. అంతటి అపరాధ పరిశోధకుణ్ణి పుట్టించిన పెద్దమనిషికి తెలియలేదు. మా పాప కూడా దేవకన్య ఉత్తరం అచ్చం నాన్న దస్తూరీలా ఉందని ఎప్పుడో పసిగట్టింది. అయినా ఆడుతుంది. తెలిసీ ఆడటంలోనే దానికి సరదా.

చట్టం మాట కూడా ఎత్తకపోతే ఉత్తరం నిండదు. మన అపార్ట్‌మెంట్లకి వర్తించే 1987 నాటి చట్టం ప్రకారం ఉమ్మడి స్థలాల్లో ఫ్లాటు యజమానులందరికీ విడదీయరాని వాటా ఉంది. 2016 నాటి రెరా చట్టం ఉమ్మడి స్థలాలంటే ఏమిటో చెబుతూ టెర్రస్‌లని, పార్కులని, ఆటస్థలాలని పేరు పెట్టి మరీ చేర్చింది. భారతదేశం 1992లో ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆడుకునే హక్కు గురించే. ఇవన్నీ చూపించి కోర్టుకెక్కే ఉద్దేశం ఎవరికీ లేదు. ఆట స్థలం కోసం పిల్లలు దరఖాస్తు పెట్టుకోవలసి రావడం మాత్రం వింతగా ఉంది.

నిజానికి ఈ ఆట వల్ల తేలే అసలు సంగతి వేరే ఉంది. మా పిల్లలకి మా ఫ్లాటు తెలుసు, లిఫ్ట్ తెలుసు, స్కూలు బస్సు ఎక్కే గేటు తెలుసు. మూడో అంతస్తు మెట్ల కిటికీలోంచి ఏం కనిపిస్తుందో తెలియదు. టెర్రస్ మీద ఎన్ని ట్యాంకులున్నాయో, వెనక గోడ పక్కన కాసేది జామో సపోటానో తెలియదు. ఇవన్నీ తెలిసిన పిల్లలు మన దగ్గర ఒక్క ఇంట్లోనే ఉన్నారు, వాచ్‌మన్ గదిలో. పిల్లి ఎక్కడ ఈనిందో, ఏ కుళాయి కారుతుందో, ఏ ఫ్లాటు వాకిట్లో కుక్క కరుస్తుందో వాళ్లకి తెలుసు. క్లబ్‌హౌస్ పార్టీలో వాళ్లు గుమ్మం దగ్గర నిలబడి కేక్ ముక్క కోసం చూస్తారు. నిధి వేటలో ప్రతి జట్టూ వాళ్లని తన వైపు లాక్కుంటుంది. క్లబ్‌హౌస్ బదులు మెట్లూ తోటా అడగడానికి నాకున్న అతి పెద్ద కారణం ఇదే. ఉన్నచోటు తెలిసినవాడే ఆటలో పెద్ద. ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులో అక్కడ లెక్కకి రాదు.

కాబట్టి మీ అందరినీ కోరేది ఇదీ.

ఒకటి, పిల్లల పుట్టినరోజు ఆటలకి ఉమ్మడి స్థలాలని ముందుగా చెప్పి, అద్దె లేకుండా రెండు గంటలు వాడుకునే వీలు కల్పించండి. శుభ్రం చేయకపోతే పట్టుకోవడానికి డిపాజిట్ తీసుకోండి, ఇస్తాం.

రెండు, ఆ రెండు గంటలూ లోపలికొచ్చే కార్లని నెమ్మదిగా పోనివ్వమని సెక్యూరిటీకి చెప్పండి.

మూడు, సంపు మూతలకి, జెనరేటర్ గదికి, టెర్రస్ పిట్టగోడకి సంబంధించిన మరమ్మతులు చేయించండి. ఇవి మా పార్టీ ఉన్నా లేకపోయినా చేయాల్సినవే.

నాలుగు, ఆటకి ముందు రోజు వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టండి, మధ్యాహ్నం కునుకు తీసే పెద్దవాళ్లకి అభ్యంతరం ఉంటే వేళ మార్చుకుంటాం.

అయిదు, వాచ్‌మన్ పిల్లలు, ఇళ్లల్లో పనిచేసేవాళ్ల పిల్లలు ఆడుతుంటే ఎవరూ అభ్యంతరం చెప్పకుండా చూడండి. ఈ అయిదోది లేకపోతే మొదటి నాలుగూ నాకు అక్కర్లేదు.

ఒక చిన్న సంగతి మిగిలింది. మా ఆటలో ఆఖరి చీటీ చెట్టు దగ్గరా గోడ దగ్గరా ఉండదు. నగల పెట్టె తాళం ఒక మనిషి దగ్గర ఉంటుంది. పిల్లలు తోసుకోకుండా, వరసలో నిలబడి, "దయచేసి ఇవ్వండి" అని అడిగితేనే ఆయన తాళం తీసివ్వాలి. ఆ పాత్రకి మా కార్యదర్శి గారినే అనుకున్నాం. ఈ పిల్లలకి ఆయన ఇన్నాళ్లూ నోటీసు కింద సంతకంగానే తెలుసు. వేషం అక్కర్లేదు, డైలాగులు లేవు. అయిదున్నరకి వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుంటే చాలు. కుర్చీ మేమే తెస్తాం, టీ కూడా. మీ మీ అపార్ట్‌మెంట్లలో ఎవరైనా ఇలాంటి ఉత్తరం పట్టుకుని వస్తే, జవాబు చెప్పేముందు ఆ తాళం మీ జేబులో ఉన్నట్టు ఒక్కసారి అనుకోండి.

ఇట్లు,
నాలుగో అంతస్తులో ఉండే ఒక అమ్మ,
హైదరాబాద్